దగ్గితే నడిచే బొమ్మ

మరబొమ్మలు చేయడం నేర్చుకునేవాళ్లు మొదట ఏ కిట్టు కొనాలని నన్నెవరైనా అడిగితే, తాళం తిప్పేదే కొనమంటాను. ఆ రోజూ అదే చెప్పాను. వింటేగా!

ఎనభైల్లో మాట. మా ఆయన సత్తెనపల్లి దగ్గర ఒక మిషన్ బడిలో సైన్సు మాస్టారు. పిల్లల చేత నడిచే బొమ్మను చేయించాలని ఆయనకు పట్టుకుంది. ఇద్దరం గుంటూరులో రేడియో సామాన్ల కొట్టుకు వెళ్లాం. కొట్టాయన రెండు పెట్టెలు ముందు పెట్టాడు. ఒకదాంట్లో చిల్లుల రేకులు, మరలు, తాళం తిప్పితే తిరిగే చక్రాలు. రెండోదాంట్లో బ్యాటరీలు, చక్రాలు, చిన్న మోటారు, చప్పట్లు కొడితే ఆ మోటారును కాసేపు తిప్పి ఆపే తీగల పలక ఒకటి.

"ఏవండీ, కొత్తగా నేర్చుకునే పిల్లలకి తాళందే నయం. తిప్పితే నడుస్తది, లేకపోతే ఊరుకుంటది," అన్నాను.

"చప్పుడు విని నడిచేదైతేనే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తారే," అని ఆయన రెండోదే కొన్నాడు. కొట్లో ఆడవాళ్ల మాట చెల్లిందెక్కడ!

మిరపకాయల కాలంలో మా ఇళ్లల్లో ఎన్ని చప్పుళ్లుంటాయో సైన్సు మాస్టారికి తట్టలేదు. ధర వచ్చేదాకా అమ్మేది లేదని బస్తాలన్నీ మధ్యగదిలో పేర్చాం. ఆ ఘాటుకు ఇంటికొచ్చిన చుట్టం కూడా పలకరించే ముందు దగ్గాల్సిందే. మా అత్తయ్య మంచం ఆ గదిలోనే. ఆమె పెద్దకొడుకు, అంటే మా బావగారు, పత్తికి పురుగుమందు కొడుతూ చేలోనే పడి చనిపోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆ తర్వాత ఆమెకు దగ్గు పట్టుకుంది. దగ్గు మందు మానితే మనిషి దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

మా ఆయన ముందు ఇంట్లోనే ఒకటి చేసి చూద్దామని, వెదురు పుల్లలతో నడుమెత్తు బొమ్మ కట్టి, మోటారూ పలకా బిగించి, చక్రాల మీద నిలబెట్టాడు. అత్తయ్య దాన్ని చూసి, "ఏందిరా ఈ ఎముకల గూడు!" అని పెట్టె తీసి బావగారి చారల చొక్కా తొడిగింది. చేలో నిలబెట్టే దిష్టిబొమ్మకు పాత చొక్కా తొడగడం మా వైపు అలవాటేగానీ, అది చచ్చిపోయిన మనిషి చొక్కా. నా ఒళ్లు జలదరించింది.

ఓ మధ్యాహ్నం, మా ఆయన బడిలో ఉండగా, దొడ్లోంచి వచ్చి చూద్దును కదా, గోడవారనుండే బొమ్మ మంచం పక్కన ఉంది. చొక్కా చెయ్యి అత్తయ్య చేతి మీద పడి ఉంది.

"ఎవరు జరిపారత్తయ్యా?"

"ఎవరూ జరపలా. అదే వచ్చింది."

దాన్ని గోడ దాకా వెనక్కి నెట్టాను. అత్తయ్య దగ్గింది. చొక్కా కదిలింది. అంచు నేలకు జీరాడుతూ, చక్రాలు కనపడకుండా, కాళ్లు లేని మనిషిలాగా మంచం వైపు వచ్చి ఆగింది. మళ్లీ దగ్గింది. మళ్లీ వచ్చింది. మోటారేనని తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె ఊరుకుంటుందా?

ఆమె దగ్గు తగ్గాలని మా పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. అందరం ఆమెన్ అనగానే అది ముందుకు జరిగింది. ఆయన చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్లిపోయారు. మంచం వసారాలోకి మారుద్దామంటే అత్తయ్య ససేమిరా అంది. బొమ్మను బడికి తీసుకుపోతానంటే మా ఆయన మీద విరుచుకుపడింది.

దగ్గు మందు సీసాలు ఖాళీ అవుతున్నాయి, దగ్గు మాత్రం పెరుగుతోంది. మనిషి చిక్కి శల్యమైంది. ఒకరోజు మంచం కింద ఊడుస్తుంటే చీమలు బారులు తీరి కనిపించాయి. తియ్యటి మందంతా అక్కడే ఒంపుతోంది మహాతల్లి! నాకు ఒళ్లు మండిపోయింది.

"చావాలనుందా అత్తయ్యా? అది బావగారు కాదు, మోటారు!" అని అరిచాను. నా అరుపుకు గోడవారనున్న చొక్కా ముందుకు వచ్చింది.

ఆమె దాని వైపే చూస్తూ అంది: "ఆ మాత్రం నాకు తెలవదటే అమ్మాయ్? వాడైతే దగ్గు వినపడంగానే చెంబుతో నీళ్లు తెచ్చేవాడు. ఇది ఉత్త చేతుల్తో వస్తంది. ఎట్టాగోట్టా వస్తందిగా. మందు తాగి దగ్గు తగ్గితే ఇంకెందుకొస్తది?"

కోపమంతా నీరుగారిపోయింది. ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్నాను.

"దగ్గే అక్కర్లేదత్తయ్యా. ఇప్పుడు నా అరుపుకి రాలా? గట్టిగా పిలిచినా వస్తది. పేరు పెట్టి పిలవండి."

బావగారు పోయాక ఆ పేరు ఇంట్లో ఎవరం ఎత్తలేదు. ఆమె చెయ్యి చాచి చొక్కా అంచు పట్టుకుంది. "మందు ఇటు తే," అంది.

దగ్గు మెల్లగా తగ్గుముఖం పట్టింది. ఒక సాయంత్రం వంటింట్లో ఉండగా మధ్యగదిలోంచి ఆమె బావగారిని పేరు పెట్టి పిలవడం వినపడింది. వెంటనే మోటారు గర్రుమంది. గడప దాకా వెళ్లాను.

"అన్నం తిన్నావా నాయనా?"

చొక్కా ఇంకొంచెం జరిగి ఆగింది. ఆమె జవాబు కోసం ఎదురుచూస్తోంది. అదీ ఎదురుచూస్తున్నట్టే నిలబడింది. మిరప ఘాటు నా గొంతులోకి ఎగదన్నింది. నేను దగ్గితే అది నా దగ్గుకు కదులుతుంది. కొంగు నోట్లో కుక్కుకుని, ఊపిరి బిగబట్టి, వెనక్కి నడిచాను.