తర్వాతి తరానికి మేమిచ్చిన మైకు

కిందటి నెలలో ఒక ఆదివారం, మేం వలసొచ్చి స్థిరపడిన ఈ దేశంలో, సెరంగూన్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం అద్దెకు తీసుకున్న హాల్లో 'రేపటి సేవకుల ప్రతిష్ఠ' అనే తంతు జరిగింది. నా మనవరాలితో కలిపి పన్నెండుమంది పిల్లల్ని వేదిక ఎక్కించి, రంగు దీపాలు తిప్పి, పొగ వదిలి, ఒక్కొక్కరి మెడలో పేరున్న కార్డు వేసి, ఆరు వారాల శిక్షణ ముగిసింది గనుక ఇకనుంచి దేవుని పని వీళ్ళ భుజాల మీదేనని ప్రకటించారు. పేతురును మూడేళ్ళు వెంట తిప్పుకున్న ప్రభువుకు ఈ ఆరు వారాల కిటుకు తెలియలేదు పాపం.

అంతలో చేతికి కట్టుతో, పని బట్టల్లోనే ఒకతను వచ్చాడు. బుధవారం ఆపరేషన్ ఉందనీ, ప్రార్థన చేయమనీ అడిగాడు. 'ప్రార్థన బృందం' అని చొక్కా మీద అచ్చువేయించుకున్న నా మనవరాలు, "అంకుల్, లేటర్ కెన్? ఇప్పుడు ఫోటో టేకింగ్ లా," అంది, ఇక్కడి పిల్లల యాసలో, మర్యాదగానే. ఆ ఫోటోలో పెద్దల వరసలో నేనూ పళ్ళికిలిస్తూ నిలబడ్డాను. వేదిక దిగి చూసేసరికి అతను వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమంతా మా మేనత్తే కళ్ళలో మెదిలింది. మామయ్య తంజోంగ్ పగార్ ఓడరేవులో పనిచేసే కాలంలో ఇక్కడికొచ్చి స్థిరపడిన మనిషి ఆవిడ. గుంటూరు నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చిన నేను వాళ్ళ ఫ్లాట్‌లోనే దిగాను. కాలేజీలో వాక్య పోటీలన్నిటిలో బహుమతులు కొట్టిన దాన్ని కదా, వచ్చిన నెలకే నన్ను ప్రసంగానికి నిలబెడతారనుకున్నాను. అత్తయ్య నా చేతికి కాగితాల కట్టా, గొడుగూ ఇచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు లిటిల్ ఇండియాలో పచ్చిక మీద కూర్చునే మన పనివాళ్ళకు ఊళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టడమే నా సేవ అంది. ఐదో తరగతి చదివిన ఈవిడా నన్ను తయారుచేసేది అని లోలోపల ఎంత చులకన చేశానో ఇప్పుడు తలుచుకుంటే నాకే రోత.

ఒక ఆదివారం కరీంనగర్ నుంచి వచ్చిన ఒకతను, తండ్రి పోయాడని కబురొచ్చి, వెళ్ళడానికి వీల్లేక కుమిలిపోతున్నాడు. అత్తయ్య నన్ను ప్రార్థన చేయమంది. ఇదే అదను అనుకుని, కృపాసత్య సంపూర్ణుడా అంటూ ఎత్తుకుని, బట్టీపట్టిన పెద్ద మాటలన్నీ గుమ్మరించి ఆమెన్ అన్నాను. అతను కళ్ళు తుడుచుకుని, "మా నాయిన పేరన్న అడుగకపోతివి గదక్కా," అన్నాడు.

అత్తయ్య నా వైపు చూడనైనా లేదు. "నీ ప్రార్థన అయిందిగా, ఇక నోరు మూసుకుని ఆయన చెప్పేది విను," అంది.

ఆ తండ్రి గొర్లు కాసిన సంగతీ, కొడుకును పంపేటప్పుడు బస్సు వెనక పరుగెత్తిన సంగతీ చీకటి పడేదాకా విన్నాను. చివర్లో నేను చేసిన ప్రార్థన రెండే వాక్యాలు. నా సేవ అక్కడ మొదలైంది.

అలా అత్తయ్య నన్నూ, నాలాంటి నలుగురైదుగుర్నీ ఏళ్ళ తరబడి నలగగొట్టి మనుషుల్ని చేసింది. మేమేం చేశాం? సంఘం పెరిగి, బ్యాంకు ఉద్యోగులూ కంప్యూటర్ వాళ్ళూ చేరగానే, ఈ పద్ధతిలో నాయకులు తయారుకారని తేల్చి, విదేశాల నుంచి అచ్చు పాఠాలు తెప్పించుకున్నాం. కమిటీలో ఓటు పెట్టినప్పుడు మొదట లేచిన చేయి నాదే. మరుసటి ఆదివారం అత్తయ్య ఒక్కతే గొడుగు పట్టుకుని వెళ్ళింది, మంచాన పడేదాకా వెళ్తూనే ఉంది. ఆవిడ భూస్థాపనకు సెలవు అడుక్కుని వచ్చిన పనివాళ్ళ వెనక, మా కమిటీకి నిలబడే చోటు కూడా మిగల్లేదు.

పిల్లల్ని నేను తప్పుపట్టను. వాళ్ళకు గిటారు వచ్చు, పాడటం వచ్చు, వేదిక మీద నిలబడటం వచ్చు. మేం నేర్పింది అదే. ఏవగింపంతా మా తరం మీదే, అందులో ఎక్కువ వాటా నా మీదే. మొన్న ఆదివారం లిటిల్ ఇండియాకు నాతో రమ్మని మనవరాలిని అడిగితే రిహార్సల్ ఉందంది. ఒక్కదాన్నే వెళ్ళాను. పచ్చిక మీద పనివాళ్ళు ఎవరికి వాళ్ళు ఫోన్‌లో ఇంటివాళ్ళ ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకుంటున్నారు, ఉత్తరం అక్కర్లేదు ఎవరికీ. ఎవరి పక్కన కూర్చోవాలో, ఏమని పలకరించాలో తోచక, అంత నేర్చుకున్న దాన్ని, అరగంట నిలబడి రైలెక్కి వచ్చేశాను.