ప్రార్థనకు పేరు చాలు

బియ్యమవ్వ పోయిందన్న కబురు మాకు గ్రూపులోనే వచ్చింది. పొద్దున జాకెట్టుకు కాజాలు కుడుతుంటే ఫోన్ మోగింది. మా సంఘం స్త్రీల గ్రూపులో పాస్టరమ్మ పెట్టిన మెసేజీ. డోన్‌లో కొడుకు దగ్గర ఉంటున్న ఫలానా అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళింది, కుటుంబం కోసం ప్రార్థించండి, అంతే. ఫొటో లేదు, ఉత్త పేరే. ఆ పేరు చదివి ఎవరబ్బా అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఆమెను ఆ పేరుతో పిలిచినవాళ్ళు మా ఊళ్ళో లేరు. కంటి ఆపరేషన్‌కని కొడుకు దగ్గరికి పోయింది ఆమె ఒక్కతే కాబట్టి, కాసేపటికి అర్థమైంది. సూది పక్కన పెట్టేశాను.

మా ఊరు కమలాపురం దగ్గర. చర్చి మా తాతల నాటిది. అందులో ఒక పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. అన్నానికి బియ్యం పోసే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తాం. శనివారం అవ్వ సంచి తీసుకుని ఇంటింటికీ వచ్చి ఆ బియ్యం పట్టుకుపోయేది. ఊళ్ళో పూట జరగని ఇళ్ళు ఉంటాయి కదా, అవి అక్కడికి చేరేవి. ఏ ఇంటికి ఎన్ని చేరాయో పాస్టరుగారికి కూడా తెలియదు. ఎవరైనా ఆరా తీస్తే, “తినేటోళ్లకు తెలుసు, నాకు తెలుసు. ఇంగ నీకెందుకు మ్మే?” అనేది.

సంచిలో పోసే ముందు కాసిని బియ్యం అరచేతిలోకి తీసుకుని వాసన చూసేది. ముక్కిన వాసన వేస్తే మొహమాటం లేదు. “ఇవి మీరు తింటాండారా?” అని అడిగేది. తిననివాళ్ళు లోపలికి పోయి వేరే బియ్యం తెచ్చేవాళ్ళు. ఎండకు వచ్చింది కదా అని కూర్చోమంటే కూర్చునేది కాదు. “కూసుంటే మాటలొస్తాయి. మాటలొస్తే పక్కింటోళ్ల సంగతులొస్తాయి” అని, చెంబుడు నీళ్ళు నిలబడే తాగి వెళ్ళిపోయేది.

ఇంత గుట్టు మనిషికి కొడుకు టచ్ ఫోన్ కొనిచ్చాడు. చదువు అంతంత మాత్రం కాబట్టి టైపు చేసేది కాదు, అన్నీ గొంతుతోనే. చేను అవతలి గట్టు మీద ఉన్న మనిషిని కేకేసినట్టు ఫోన్లోకి అరిచేది. పొద్దున్నే “అందరికీ వందనాలు” అని ఆమె గొంతు వినపడకపోతే గ్రూపులో తెల్లారినట్టు ఉండేది కాదు. నేను సౌండు తగ్గించి పెట్టుకునేదాన్ని.

మా పాప తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు కోతల పండుగకు చర్చిలో పాట పాడింది. ఆకుపచ్చ పట్టు లంగా నేనే కుట్టాను. పాటలో పైకి పోయే చోట గొంతు జీరబోయి కీచుమంది. పాప ఆగలేదు, పాట పూర్తి చేసింది. జనం ఆమెన్ అన్నారు. తర్వాత గుమ్మడికాయల వేలం మొదలైంది, అందరూ అటు తిరిగారు. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

ఆ పాటను ఎవరో ఫోన్లో తీసినట్టున్నారు. గొంతు జీరబోయిన చోట గాడిద కూత అతికించి, అదే ముక్క మళ్ళీ మళ్ళీ వచ్చేట్టు చేసి క్లాసు పిల్లల గ్రూపులో పెట్టారు. పాప క్లాసులోకి అడుగుపెడితే వెనక బెంచీల నుంచి కూతలు. మాకు చెప్పలేదు. ఒకరోజు కడుపునొప్పి అంది, ఇంకోరోజు తలనొప్పి అంది, ఆ తర్వాత ఏ నొప్పీ చెప్పకుండా బడి మానేసింది. ఇంట్లో కూనిరాగాలు కూడా ఆగిపోయాయి. చివరికి గట్టిగా అడిగితే ఫోన్ నా ఒళ్ళో పడేసి గోడవైపు తిరిగి పడుకుంది. చూశాను. నా ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన, “ఆ ఫోన్ గుంజుకుని బడి మాన్పిస్తే సరిపోతాది. నీకాడ కుట్టు నేర్చుకుంటాది” అన్నాడు. కుట్టు మీద నాకు కోపం లేదు, అన్నం పెట్టే పని. కానీ భయపడి నేర్చుకునే కుట్టు నాకు వద్దు. రుజువుకు వీడియో ఒకటి దాచి, బడికి పోయి హెడ్‌మిస్ట్రెస్‌కు చూపించాను. ఆమె క్లాసులో అడిగింది. పిల్లలందరూ నేల చూపులు చూశారు. ఎవరు చేశారో మా పాపకు తెలుసని నాకు అనుమానం, కానీ నోరు విప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఆ వీడియో ఎవరి ద్వారానో అవ్వ ఫోన్‌కు చేరింది. అవ్వ ఏం చేసిందంటే, దాన్ని స్త్రీల గ్రూపులో పెట్టి కింద తన గొంతు రికార్డు చేసి పెట్టింది. “ఈ బిడ్డ శానా బాధ పడతాండాది. గాడిద కూత పెట్టి నగుతాండారు. అందరూ మోకాళ్లూని ప్రార్థన చెయ్యండి.” అవ్వ మాట కాదనేవాళ్ళు ఎవరున్నారు? ఒక్కొక్కరూ తమకు తెలిసిన సంఘాల గ్రూపులన్నిటికీ అత్యవసర ప్రార్థన మనవి అని పంపారు. కూతతో సహా పంపారు. మర్నాడు డోన్ నుంచి మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసి, “పాపకెట్లుండాదక్కా? మా చర్చిలో గూడ ప్రార్థన చేసినారు” అంది. నలభై మంది పిల్లలు చూసిన దాన్ని జిల్లాలు దాటించిన ఘనత మా సంఘానిదే. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అందుకే ఎవరినీ తిట్టడానికి కూడా లేకపోయింది.

ఆ వారం నేను కుండలో పిడికెడు వెయ్యలేదు. అది తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు.

శనివారం అవ్వ వచ్చింది. కుండ ఖాళీ అని చెప్పాను. “ఏమ్మే, వారమంతా పొయ్యి వెలిగీలేదా?” అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. ఇంతలో పాప లోపలి నుంచి వచ్చింది. వసారాలోకి వచ్చి ఎన్నాళ్ళయిందో.

“అవ్వా, నువ్వు చూసి నగినావా?”

“నగుతానా బిడ్డా? ఏడ్సినా. ఏడ్సి, అందరూ ప్రార్థన చెయ్యల్లని పంపినా.”

“నగింది మా క్లాసోళ్లే. నువ్వు పంపినాక డోన్ దాకా పోయింది. బియ్యం ఎవురింటికి ఇస్తావో ఎవురికీ చెప్పవు గదవ్వా. నాదెందుకు చెప్పినావు?”

పాప గొంతు పెంచలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. అవ్వ సంచి కింద పెట్టి గడప మీద కూర్చుంది. మా ఇంట్లో ఆమె కూర్చోవడం అదే మొదలు. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత తనలో తను అనుకున్నట్టు అంది.

“ప్రార్థనకు పేరు శాలు. బొమ్మెందుకు పంపినా నేను? దేవునికి వీడియో పంపల్నా? ఆయన ముందే చూసింటాడు.”

దాన్ని తీసేసేది ఎట్లాగని పాపనే అడిగింది. నీ ఫోన్లో తీస్తే చాలదు, అందరూ తియ్యాలి అని పాప చెప్పింది. “ఎట్లాగూ ఇంటింటికీ పోతాండా గదా” అంటూ అవ్వ లేచింది. పోతూ పోతూ మా ఆయన దగ్గర ఆగి, “బిడ్డ ఫోన్ గుంజుకునేది, బడి మాన్పించేది చెయ్యగాకప్పా. దెబ్బ తగిలినోళ్లనే మళ్లా కొడతారా?” అంది. ఫోన్ పాప దగ్గరే ఉండిపోయింది.

ముందు గ్రూపులో అవ్వ గొంతు వినిపించింది, ఈసారి అరవకుండా. “నేను శానా తప్పు చేసినా. ఆ వీడియో ఎవురికి పంపింటే వాళ్లకు చెప్పి తీసేపించండి.” తర్వాత సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. ప్రతి ఇంట్లోనూ ముందు ఫోన్, ఆ తర్వాతే బియ్యం. అక్షరాలు కూడబలుక్కోవడం ఆమెకు కష్టం కాబట్టి ఫోన్లో ఆకుపచ్చ లంగా బొమ్మ తన కళ్ళముందే మాయమయ్యేదాకా కదిలేది కాదు. “మేము మంచికే పంపినాము గదవ్వా” అన్నవాళ్ళకు, “నేను గూడ మంచికే పంపినా. తీసెయ్” అనేది.

సంఘపెద్ద ఇంట్లో ఆయన భార్య తన ఫోన్ వెంటనే చూపించింది. పక్కనున్న మనవరాలు మాత్రం తన ఫోన్ వీపు వెనక పెట్టుకుని లోపలికి పోయింది. ఆ పిల్లా మా పాపా ఒకే బెంచీ. అవ్వ ఆ పిల్ల ఫోన్ కూడా చూపించమంది.

“పిల్లోళ్లవి మనమెట్ల అడుగుతాము?” అంది సంఘపెద్ద భార్య.

“అయితే మీ బియ్యం వద్దులే మ్మా” అని అవ్వ సంచి మూతి చుట్టేసింది.

మా దగ్గర పిడికెడు బియ్యం వద్దనడమంటే మాటలు కాదు. తాతల నాటి నుంచి ఆ ఇంటి బియ్యం కాదన్నవాళ్ళు లేరు. పెద్దాయన చిందులు తొక్కాడు. ఈ ముసలామె ఎవరు మమ్మల్ని వెలివెయ్యడానికి అని పాస్టరుగారి దగ్గర పంచాయితీ పెట్టాడు. అవ్వ వాదించలేదు. శనివారం శనివారం ఆ వాకిలి ముందు నుంచే నడిచిపోయేది, ఆగేది కాదు. వాళ్ళ కుండ నిండిపోయి బియ్యం బకెట్లో పోస్తున్నారని ఊరంతా చెప్పుకున్నారు.

చివరికి ఒక సాయంత్రం ఆ మనవరాలే పళ్ళెంలో బియ్యం తీసుకుని అవ్వ ఇంటికి పోయిందట. “నాకు గాదు, ఆ ఇంటికి పో” అని మా ఇంటికి పంపింది అవ్వ. పిల్ల వచ్చి వసారాలో నిలబడింది. కూత పెట్టింది నేనే అని చెప్పింది. నవ్వు కోసం చేశానంది, ఇంత దూరం పోతుందనుకోలేదంది. మా ముందే ఫోన్లో తీసేసి, నేనే చేశాను, మీరూ తీసెయ్యండి అని క్లాసు గ్రూపులో పెట్టింది. మా పాప అంతా విని “సరే” అని లోపలికి పోయింది. సినిమాల్లోలాగా కౌగిలింతలు ఏమీ జరగలేదు. ఆ పళ్ళెం వసారాలోనే ఉండిపోతే, శనివారం అవ్వ వచ్చి, ఎవరివని అడగకుండా వాసన చూసి సంచిలో పోసుకుంది.

పాప మళ్ళీ బడికి పోయింది. ఒకటి రెండు కూతలు వినపడ్డాయి, కూసినవాళ్ళ తల్లిదండ్రులను హెడ్‌మిస్ట్రెస్ పిలిపించాక అవీ ఆగాయి. వీడియో పూర్తిగా పోయిందని మాత్రం నేను చెప్పను. ఎక్కడో ఎవరి ఫోన్లోనో ఉండే ఉంటుంది. మీ ఇంట్లో పిల్లలుంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, నవ్వుతూ పంపినా జాలిపడి పంపినా పంపినట్టే. మా గ్రూపులో ఇప్పుడు ప్రార్థన మనవికి ఉత్త పేరే పెడతారు, బొమ్మ పెట్టరు. పాస్టరమ్మ ఆ నియమం పెట్టింది అవ్వ మాట మీదే. చివరికి అవ్వకే అది పనికొచ్చింది.

కానీ పాప పాడటం మానేసింది. చర్చిలో అందరితో కలిసి కూడా పెదవులు కదిపేది, అంతే. పాస్టరమ్మ అడిగింది, నేను అడిగాను, బతిమాలాను. అవ్వ ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సంగతి ఆమె పోయాకే నాకు తట్టింది.

కబురు వచ్చిన రోజు మధ్యాహ్నానికి డోన్ నుంచి అవ్వను తీసుకుని వ్యాను వచ్చింది. చర్చి నిండిపోయి జనం బయట బండల మీద కూడా నిలబడ్డారు. పెట్టె ముందు పాస్టరుగారు ప్రార్థన ముగించగానే మా పాప లేచింది. ఎవరూ పిలవలేదు, నాకు చెప్పలేదు. కోతల పండుగ నాటి పాటే ఎత్తుకుంది. పైకి పోయే చోట గొంతు మళ్ళీ జీరబోయింది, ఈసారి ఏడుపుతో. పాప ఒక క్షణం ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అందుకుంది.

అప్పుడే మా ముందు వరసలో, రాలేకపోయినవాళ్ళకు చూపించాలని కాబోలు, డోన్ నుంచి వచ్చిన ఒకాయన ఫోన్ పైకెత్తాడు. పక్క వరసలోంచి సంఘపెద్ద మనవరాలు లేచింది. చెయ్యి చాచి అరచేత్తో ఆ ఫోన్‌ను మూసింది. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. పాట అయిపోయేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.