పారేయని పదకొండు లైన్లు

విజయనగరం నుంచి వచ్చి చిలకలగూడలో కాపురం పెట్టిన దేముడుబాబుకి ఏదీ పారేసే అలవాటు లేదు. పగిలిన బకెట్టు, ఇంకు అయిపోయిన పెన్నులు, కిందటేడాది క్యాలెండరు, అన్నీ అటక మీద భద్రంగా ఉంటాయి. "ఎప్పుడో ఒకప్పుడు పనికొత్తాది" అంటాడు. ఆ ఎప్పుడో ఎప్పుడొస్తుందో అతని భార్య కనకలక్ష్మికి పదేళ్లుగా అంతుచిక్కలేదు.

రెండు వేల నాలుగులో ఊరంతా సాఫ్ట్‌వేర్ మీద పడితే, అతనూ ముప్పై ఎనిమిదేళ్ల వయసులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని ఓ చిన్న కంపెనీలో చేరాడు. మూడు నెలలు చూస్తామన్నారు. ఆ గడువు ఆ రోజుతో సరి. సాయంత్రం నాలుగింటికి మేనేజరుకి ప్రోగ్రాం చూపించాలి. బాగుంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

పార్సిల్ ఎన్ని గంటల్లో చేరిందో ఆ ప్రోగ్రాం చెప్పాలి. రాత్రి పదకొండుకి బయల్దేరి తెల్లారి ఐదుకి చేరిన పార్సిల్‌కి అది మైనస్ పద్దెనిమిది గంటలంది. దేముడుబాబు ఫైల్లో మైనస్ వస్తే ఇరవై నాలుగు కలిపేలా మార్చి, సేవ్ చేసి, తెరిచి ఉన్న పైథాన్ విండోలో ఆ ఫైల్ని చదివించడానికి మళ్లీ ఇంపోర్ట్ కొట్టాడు. మైనస్ పద్దెనిమిదే. విండో మూసి తెరుద్దామంటే, పొద్దున నలభై నిమిషాలు కూర్చుని ఎక్కించిన డేటా పోతుంది. అందుకని మూయకుండానే అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, మొత్తం పదకొండు రకాలుగా మార్చాడు. మైనస్ పద్దెనిమిది కదల్లేదు. చూస్తూండగానే మూడున్నరయింది.

పక్క సీటులో మేబెల్ తొంగి చూసింది.

"పరేషాన్ కాకండి దేముడుబాబు గారూ. ఒక్కసారి ఇంపోర్ట్ అయినంక మళ్ల ఎన్నిసార్లు కొట్టినా అది ఫైల్ దిక్కు చూడదు. పొద్దుగాల చదివిందే నడుపుతది. జెర రీలోడ్ కొట్టండి, ఫైల్ మళ్ల చదువుతది."

"అంటే నా పదకొండు మార్పులూ ఇది సూడనే లేదేటి?"

"ఒక్కటి సుత చూడలే."

కొట్టాడు. నలభై రెండు గంటలొచ్చింది. ఈసారి అది బుద్ధిగా పదకొండో మార్పు చదివింది. మొదట ఏం రాశాడో అతనికి గుర్తు లేదు.

"పాతవి తీసేసిన్రా?" అంది మేబెల్, గొంతు తగ్గించి.

తీసేస్తే దేముడుబాబు ఎందుకవుతాడు? మార్చిన ప్రతి లైను ముందూ హాష్ గుర్తు పెట్టి, కంప్యూటర్ దాన్ని దాటిపోయేలా చేసి, అక్కడే ఉంచాడు. మొదట ఇరవై నాలుగు కలిపిన లైను ముందు గుర్తు చెరిపి, చివరిదానికి తగిలించి, రీలోడ్ కొట్టాడు. ఆరు గంటలు. నాలుగింటికి మేనేజరు చూసి, సోమవారం నుంచి పర్మనెంట్ అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే కనకలక్ష్మి కళ్లు తుడుచుకుంది. మూడు నెలల భయం ఒక్కసారిగా దిగిపోయింది. ఎలా గట్టెక్కాడో దేముడుబాబు మొదటినుంచీ చెప్పుకొచ్చాడు, మధ్యమధ్యలో అటక వైపు చూస్తూ. ఆమెకి పైథాన్ ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆ పగిలిన బకెట్టు ఇక ఈ జన్మకి ఇల్లు కదలదని మాత్రం బాగా అర్థమైంది.