కోటు కింద చొక్కా

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నవ్వే వచ్చేది. ఎవరైనా అలాంటి కథ ఎత్తుకుంటే "సరే గానీ, అప్పుడు కరెంటు ఉందా?" అని ఆటపట్టించేదాన్ని. ఇప్పుడు నేనే చెప్పాల్సి వచ్చింది.

మాది బీరంగూడ. నేను ఫోటో పుస్తకాలు చేస్తాను. మనుషుల్ని ఫోటో తీయను, అచ్చయిన బొమ్మలే కావాలి నాకు. పాత క్యాలెండర్లు, పెళ్లి పత్రికలు, చిరిగిన ఫ్లెక్సీలు తెచ్చి, గీకి, తుడిచి, మళ్ళీ ఫోటో తీసి, ప్రింటు వేసి చేత్తో కుడతాను. మా తమ్ముడు శీను ఊరికే ఉండేవాడు కాదు. "అక్కా, నీ చిత్తుకాగితాల దుకాణం ఎట్ల నడుస్తుంది?" అని ఏడిపించేవాడు.

పోయిన ఏడాది పటాన్‌చెరు వైపు పొద్దుటి షిఫ్టుకు బండి మీద పోతుంటే లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. ఫోటోలన్నీ ఉన్న ఫోను కూడా నుజ్జయింది.

దినాలకు వాడి దోస్తులు చౌరస్తాలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. కంపెనీ ఐడీ కార్డులోని తల తీసి, మా దగ్గర అందరికీ చేసినట్టే, ఎవరిదో నల్ల కోటు మీద అతికించారు. పెద్దయ్యాక తీసిన వాడి ఫోటోల్లో మాకు మిగిలింది అదొక్కటే. అమ్మ దాన్ని ఇంటికి తెచ్చుకుంది. చూసినప్పుడల్లా కుమిలిపోయేది.

"నా కొడుకు ఎన్నడన్న కోటు తొడిగిండా? మొఖం నా పోరనిది, పెయ్యి ఎవలదో. జెర ఆ కోటు తీసెయ్ బిడ్డా. నా కొడుకు నాకు గావాలె."

ఒక ఆదివారం మధ్యాహ్నం ఫ్లెక్సీని నేల మీద పరిచి, దూదిని థిన్నర్‌లో ముంచి కోటును తుడిచేశాను. రంగు కింద ఇంకేం ఉంటుంది? తెల్ల ప్లాస్టిక్కే. మెడ కింద అంతా తెలుపు. అలాగే ఫోటో తీసి, ప్రింటు వేసి, పుస్తకంలో కుట్టి అమ్మ చేతిలో పెట్టాను. పోనీలే, కోటైతే పోయింది అనుకున్నాను.

అమ్మ ఆ పేజీ మీద వేలు పెట్టి చూపించింది. వంగి చూశాను. తెల్లగా ఉండాల్సిన చోట నీలం గీతల చొక్కా ఉంది. ఛాతీ దగ్గర గుండీ ఒకటి దారానికి వేలాడుతోంది.

"ఆ పొద్దున గిట్లనే ఏలాడుతుండె," అంది అమ్మ. "ఆగు బిడ్డా, కుడ్త అన్న. లేటైతుందమ్మా, పొద్దుమీకి కుట్టు అన్నడు. గీ ముచ్చట నేను ఎవ్వలికి చెప్పలే."

 కంప్యూటర్లో ఫోటో తెరిచి చూస్తే తెలుపే. మళ్ళీ ప్రింటు వేస్తే తెలుపే. ఫ్లెక్సీ చేసినాయన దగ్గర తల తప్ప ఇంకే బొమ్మా లేదు. ఆ చొక్కా అయితే మా ఇంటికి తిరిగి రానే లేదు. ఇంకు మరకేమోనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరకకు గుండీ ఎక్కడిది?

అమ్మ మాత్రం సూది దారం తెమ్మంది. కాగితం చిరుగుతుందమ్మా అనబోయి, తెచ్చిచ్చాను. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని గుండీ కుట్టింది. దారం పళ్ళతో తెంపింది.

"ఇగ పో బిడ్డా," అంది పేజీ నిమురుతూ. "షిఫ్టుకు లేటైతది."