మూడు లక్షల అట్ట

మస్తాన్ వలీ సౌదీలోని ఖతీఫ్‌లో చేపల వ్యాన్ నడుపుతాడు. రాయచోటి మనిషి. మేమిద్దరం ఒకే గదిలో ఉంటాం, కాబట్టి నేను చెప్పేది ఎవరో అంటే విన్నది కాదు. శుక్రవారం సెలవని అందరం ఒళ్లు తెలియకుండా నిద్రపోతే, అతను మన తెలుగువాళ్ల సహాయ సంఘం తరఫున ఎంక్వైరీకి వెళ్తాడు. సాయం అడిగినవాళ్ల గదికి పోయి, నిజంగా లేనివాళ్లో కాదో చూసి రావాలి. ఫ్రిజ్ తెరిచి ఫోటో తీయాలని సంఘం రూలు. మస్తాన్ ఏనాడూ తీయలేదు. "చూస్తి సార్, నీళ్లు తప్ప ఏం ల్యా" అని చెప్పేసేవాడు. ఒకరి ఇంట్లో ఉల్లిపాయలున్నాయో లేవో తొంగి చూడడం కంటే రోత పని ఇంకేముంటుంది?

ఆ రూలు పెట్టింది సంఘం అధ్యక్షుడు ఉదయకిరణ్. రాస్ తనూరాలో ఏదో కాంట్రాక్టు కంపెనీ మేనేజరు. పేదవాళ్ల గదిలో అడుగు పెట్టాక చేతులకు శానిటైజర్ రాసుకునే రకం.

ఒక శుక్రవారం మస్తాన్ రత్తమ్మను చూడడానికి వెళ్లాడు. ఆమెది రాజోలు వైపు. ఒకే అరబ్బు ఇంట్లో ఇరవై ఏళ్లు వంట చేసింది. మోకాళ్లు పోగానే కఫీలు, అదే ఆ ఇంటి యజమాని, దేశం వదిలి పొమ్మని ఎగ్జిట్ వీసా కొట్టించి, టికెట్టు సంగతి నువ్వే చూసుకోమన్నాడు. మొగుడూ పిల్లలూ లేరు. ఊళ్లో చెల్లెలి ఇంటి వసారా ఒక్కటే దిక్కు.

"ఎల్లగానే ముసలోళ్ల పింఛనుకు పెట్టుకుంటాను తమ్ముడూ. నెలనెలా ఇత్తారంట. చెల్లికి బరువవకుండా నా ముద్ద నేను తింటాను" అందట.

టికెట్టు మంజూరైంది. అంతటితో చేతిలో పెట్టి పంపిస్తే ఏం పోయేది? అలా చేస్తే వాళ్లు సంఘం ఎందుకవుతారు! ఊరి బయట ఇస్తిరాహా అనే విడిది తోట అద్దెకు తీసుకుని సభ పెట్టారు. బ్యానరు, బిర్యానీ, శాలువాలు. మనిషంత పొడుగు అట్ట మీద చెక్కు బొమ్మ వేయించి, రత్తమ్మ పేరు, మూడు లక్షల రూపాయలు అని రాయించారు. ఏడాది మొత్తం మీద అందరికీ కలిపి ఖర్చు పెట్టింది అంత అట.

"సార్, ఆమెకిచ్చేది టికెట్టే కదా, అంత రాసినారేంది?" అన్నాడు మస్తాన్.

"ఇంపాక్ట్ ఉండాలి మస్తాన్. ఫోటో లేకపోతే డోనర్స్‌కి ఏం చూపిస్తాం?"

రత్తమ్మ కొత్త చీర కట్టుకొచ్చింది. అది కడితే పేదదానిలా కనపడదని, ఎవరిదో పాత చీర తెప్పించి మార్పించారు. ఫోటోగ్రాఫర్ నవ్వొద్దన్నాడు. ఆమెకు చదువు రాదు. అట్ట మీద ఏముందో తెలియకుండానే, చెప్పినట్టల్లా నిలబడింది. నేను బిర్యానీ తినకుండానే బయటికొచ్చేశాను.

ఆమె వెళ్లిన కొన్ని వారాలకు మస్తాన్‌కి ఫోన్ చేసి ఏడ్చింది. పింఛను ఎంక్వైరీకి వచ్చిన గ్రామ సచివాలయం ఉద్యోగి, సంఘం ఫేస్‌బుక్‌లో పెట్టిన ఆ ఫోటో సెల్‌ఫోన్‌లో చూపించి, మూడు లక్షలు ఎక్కడ దాచావని అడిగాడట.

"అది ఉత్త అట్టని చెబుతుంటే నమ్మట్లేదు తమ్ముడూ. చెల్లి మొగుడు కూడా డబ్బులు తియ్యమంటున్నాడు. మీ వోళ్ల చేత ఒక్క ముక్క రాయించి పంపవా?"

మస్తాన్ ఆ మరుసటి శుక్రవారమే రాస్ తనూరాలో ఉదయకిరణ్ ఇంటికి వెళ్లాడు. తోడుగా నేనూ పోయాను. ఉదయకిరణ్ కుర్చీలోంచి లేవలేదు.

"లెటర్ హెడ్ మీద అట్ట అబద్ధమని రాయమంటావా? రేపు డోనర్స్ నన్ను నిలదీస్తే? సారీ. ఆమె లోకల్‌గా మేనేజ్ చేసుకోవాలి."

ముసలిదాని నోటికాడ ముద్ద తీసేసి, మేనేజ్ చేసుకోవాలట! థూ, సిగ్గులేని బతుకు.

మస్తాన్ గోడకు ఆనించి ఉన్న అట్టను చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. "ఏయ్, సాయంత్రం ఫంక్షన్ ఉంది!" అని ఉదయకిరణ్ వెనక నుంచి అరిచాడు. చేపల కంపు కొట్టే వ్యాన్‌లో దాన్ని పడేసి తలుపు వేసుకున్నాం. విమానంలో వెళ్లేవాళ్ల చేతికిచ్చి రాజోలు పంపిద్దాం, ఆ ఉద్యోగి తన చేత్తోనే తట్టి చూసుకుంటాడు అన్నాడు మస్తాన్.

అప్పుడు చూశాం. పేరు దగ్గర ఇంకెవరిదో పేరు రాసిన కొత్త కాగితం అంటించి ఉంది. మస్తాన్ గోటితో గీకితే రత్తమ్మ పేరు బయటపడింది. ఆ కాగితం కూడా సగం ఊడి వచ్చింది. దాని కింద ఇంకొక పేరు, హలీమా. పోయినేడు ఇలాగే టికెట్టు ఇప్పించి పీలేరు పంపించిన ముసలామె. ఆమె గదికి ఎంక్వైరీకి వెళ్లింది కూడా మస్తానే, సభకు మాత్రం డ్యూటీ పడి పోలేకపోయాడు.

అతను అక్కడికక్కడే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"హలీమక్కా, నీకు పింఛను వస్తాందా?"

"యాడొస్తాది మస్తానూ! తిరిగి తిరిగి యాష్టపోతి. నీకేం తక్కువ, లక్షాధికారివి కదా అని నవ్వి పంపిచ్చిరి. ఎందుకట్లా నవ్విరో నాకిప్పటికీ తెలీలా నాయనా."