మా అక్క దుంగల ఇంటికి హుస్నాబాద్ తొవ్వ

మా బావ పోయినప్పటి సంది అక్క తన మరిది ఇంట్లనే ఉంటున్నది. తిండికి లోటు లేదు గని, ఆడ ఏది ముట్టినా వేరేటోళ్లదే. ఈ ఎండకాలం కబురు పంపింది: "తమ్మీ, నా చెల్కల చిన్న ఇల్లు ఏసుకుంటున్న. అడివి కొట్టి ఊరు చేసిన తాతలు దుంగ మీద దుంగ పేర్చి ఏసుకున్నరు సూడు, గట్ల. వానలు పడకముందే దర్వాజ ఎత్తాలె. మరదల్ని తోల్కరా." మరదలు ఎందుకో నాకెరికే. కొత్త దర్వాజకు పసుపు రాసేది ముత్తైదువే గద.

సిద్దిపేటల పొద్దుగాల బస్సెక్కినం. లడాయి రోజులు, పెట్రోలు దొరకదు, బస్సు ఎనుక బొగ్గుల పొయ్యి కట్టి నడిపిస్తున్నరు. తెల్లబట్టలు మాత్రం కట్టుకోకున్రి, మసిబొగ్గయితయి. ఎత్తు కాడ బస్సు ఆగింది. "దిగున్రి, దిగున్రి! జర నూకున్రి" అన్నడు డ్రైవరు. "కిరాయి మేమే ఇచ్చి, నూకుడు గుడ మేమేనా?" అన్నది మా ఇంటామె. "నూకకుంటె గీడనే పండుకుంటరు తల్లీ" అని నవ్విండు. నూకినం, ఏం జేస్తం! హుస్నాబాద్‌ల దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఆడికెళ్లి ఎడ్లబండి. కిరాయి ఎక్కకముందే మాట్లాడుకోవాలె, ఊరు దాటినంక పెరుగుతది. పొద్దు వాలంగ చెల్క చేరినం.

నాలుగు దిక్కుల దుంగలు లేసి ఉన్నయి. గట్టు మీది మద్ది చెట్లు కొట్టించి, పట్ట మొత్తం అక్కనే చెక్కిందట. అరచేతులు సూస్తె అన్ని బొబ్బలే. వడ్రంగి లచ్చయ్య కొసలకు గాట్లు కొట్టి ఒకదాన్ల ఒకటి ఇరికిచ్చిండు, ఒక్క మొల లేదు. తెల్లారి మేం గుడ చెయ్యేసినం. సందులల్ల గడ్డి కలిపిన మట్టి కూరినం.

ఇగ దర్వాజ ఎత్తుడే. అక్క పసుపు గిన్నె మా ఇంటామె చేతిలవెట్టి, దూరం పోయి గడ్డికుప్ప ఎనుక నిలవడ్డది. తన ఇంటికి తనే మొకం దాచుకునుడు!

మా ఇంటామె సీదా పోయి ఆమె చెయ్యి పట్టింది. "వదినా, నేను ఒక్క దుంగన్న చెక్కిన్నా? నేను రాస్తె గిది ఎవలిల్లయితది?"

"వద్దు పిల్లా, అచ్చిరాదు. నలుగురు ఏమంటరు?"

"వానొస్తె ఆ నలుగురు నీతోని తడుస్తరా? రా!"

దర్వాజ పట్టుకున్న లచ్చయ్య గులిగిండు: "ఎవలో ఒకలు రాయున్రమ్మా, నా రెక్కలు గుంజుతున్నయి."

అక్క గిన్నె అందుకున్నది. దర్వాజకు రెండు పక్కల పసుపు రాసింది, బొట్లు పెట్టింది. కొంగుతోని కండ్లు తుడుసుకోని మా దిక్కు మర్రింది. "గట్లనే నిలవడ్డరేంది? నా ఇంటికొచ్చిన్రు, లోపలికి రాన్రి!"

చాన ఊర్లు తిరిగిన, మంచి మంచి మేడలల్ల పండుకున్న. ఆ ఇంటికి అప్పటికి కప్పు గుడ పడలె, ఎండ నెత్తి మీదనే ఉన్నది. అయినా ఆడ అక్క పోసిన జొన్న గటుక తాగినంత తృప్తి నాకెన్నడు కాలె. మీరు గుడ ఎవలింటికన్న దర్వాజ ఎత్త పోతె ఒక్క మాట యాదివెట్టుకోన్రి: పసుపు గిన్నె ఆ ఇంటామె చేతిలనే పెట్టున్రి, ఆమె వద్దన్నా సరే.