ఏసోబు మామ ఆమెన్ ఎప్పుడంటాడు

తర్లుపాడు దారిలోని రాతి పలకలు కోసే షెడ్డులో పనిచేసే ఏసోబుకు ఒకటే జబ్బు. ప్రార్థన మొదలుపెడితే ఆపడు. టీ గ్లాసు చేతికిస్తే చాలు, టీ పొడికి స్తోత్రం, చక్కెరకు స్తోత్రం, పాలిచ్చిన బర్రెకు స్తోత్రం, దాన్ని మేపుకొచ్చిన మనిషికి స్తోత్రం. ఆమెన్ అనేసరికి టీలో ఈగ పడి, పాపం, దాని ఆత్మ కోసం ఇంకో ప్రార్థన.

మధ్యాహ్నం మరీ ఘోరం. మోటారు ఆగగానే కోత మిషన్ల దగ్గరి ఆడవాళ్లందరినీ ఎర్రటి ఎండలోకి తోలేవాడు. "షెడ్డులోనే చెయ్యి మామా" అంటే, "లోపల దేవునికి ఇనపడదమ్మా" అనేవాడు. వాళ్లలో క్రైస్తవులు ఇద్దరే. అయినా ఆమెన్ వినకుండా ఎవరూ లోపలికెళ్లి సద్ది విప్పేవారు కాదు. దానికి కారణం మేస్త్రీ శివనాగరాజు. ఒకసారి ప్రార్థన మధ్యలోనే ఆయన స్విచ్చి వేస్తే సాయంత్రానికి మోటారు కాలిపోయింది. పాత మోటారు, కాలక చస్తుందా! కానీ ఆనాటి నుంచి మేస్త్రీ తలగుడ్డ తీసి మరీ నిలబడేవాడు. తిండి టైము లెక్క కూడా ఆమెన్ నుంచే.

అందరికంటే ఒళ్లు మండేది సుబ్బులుకు. ఎన్ని పలకలు కోస్తే అంత కూలి. మూడు నిమిషాల్లో నాలుగు ముద్దలు మింగి మళ్లీ మిషను పట్టాలని ఆమె ఆత్రం. పైగా దగ్గు. మార్కాపురం డాక్టరు దుమ్ములో ఉండొద్దన్నాడు. మరి అన్నం ఎవరు పెడతారో చీటీలో రాయలేదు. తనకేమన్నా అయితే ఆరేళ్ల కొడుకు శివానికి ఇంకెవరూ లేరు. ఆ భయం ఆమెను ఒక్కచోట కూర్చోనిచ్చేది కాదు.

"మామా, గోంగూర తెచ్చుకున్నా. దానికి ఒక్క ముక్క చెప్పి ఇడిసిపెట్టు."

"అట్ల కుదరదమ్మా. గోంగూరకు వాన గావాల. వానకు మబ్బు గావాల."

"మబ్బు కాడికి పోయినావంటే మేం ఈడ్నే ఎండిపోతాం!"

"చూడకుండా మింగితే ఇచ్చినోడు ఏమనుకుంటాడు? కండ్లు మూసుకో."

ఒకరోజు ప్రార్థన మధ్యలో దగ్గు తెర వచ్చి సుబ్బులు కళ్లు తెరిచింది. చూస్తే ఏసోబు కళ్లు తెరిచే ఉన్నాయి! నోరు రాచర్ల ఊరి మేకల స్తోత్రం దాకా వెళ్లింది గానీ చూపు మాత్రం షెడ్డు వాకిలి మీదే ఉంది. లోపల రేకు సందులోంచి పడే ఎండలో పలక దుమ్ము తేలుతోంది. అది మెల్లగా పలచబడింది. ఎండ తేటపడగానే, "ఆమెన్."

సుబ్బులు అతన్ని పక్కకు పిలిచింది. "ఏంది మామా, దేవునితోనే దొంగాటకమా?"

"కండ్లు తెరిచి ప్రార్థన చెయ్యగూడదని బైబిల్లో యాడుందో చూపియ్యి" అన్నాడు ఏసోబు. తర్వాత గొంతు తగ్గించాడు. "మా ఇంటిది దాసమ్మ మిషను కాడనే తినేది. గుటుక్కున రెండు ముద్దలు, మళ్లా పని. దుమ్ము అణగనియ్యే అని నేను ఒక్కనాడన్నా ఆపలేదు. ఊపిరి సాలక పోయింది. ఆపితే ఇనేది గదమ్మా."

సుబ్బులుకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆ రోజు కాళ్లు చాపుకుని కూర్చుని తిన్నది. పచ్చడిలో ఉప్పెక్కువైందని తెలిసింది. తన చేతి వంట రుచి తనకు తెలిసి ఎన్ని నెలలయిందో!

వారం తిరక్కుండా ఏసోబుకే దగ్గు పట్టుకుంది. స్తోత్రాలు మజ్జిగ దాకా వచ్చాక ఇక మాట పెగల్లేదు. గోడ పట్టుకుని కూలబడ్డాడు. లోపల దుమ్ము ఇంకా దట్టంగానే ఉంది. మేస్త్రీ తలగుడ్డ చుట్టుకుంటూ, "అయిపోయినట్టే గదా, లోపలికి పోయి తినండి" అన్నాడు.

"అయిపోలా!" అని అరిచింది సుబ్బులు. చేతులు జోడించింది. "ఏసోబు మామ దేవుడా, నేను సుబ్బుల్ని. మాది వెలిగండ్ల. నేను నీకు తెలిసుండను. మా యమ్మకు స్తోత్రం. మా యమ్మను కన్న పిచ్చమ్మవ్వకు స్తోత్రం..."

మేస్త్రీ గబుక్కున తలగుడ్డ తీశాడు. సుబ్బులు మేనమామల్ని అయిపోగొట్టి చిన్నాయనల్లోకి దిగింది. చూపు మాత్రం వాకిలి మీదే ఉంది.

కింద కూర్చున్న ఏసోబు తల పైకెత్తి, "తేటపడిందమ్మా, ఆమెన్ అను" అని గొణిగాడు.

"ఉండు మామా" అంది సుబ్బులు. "మేనత్తలు ముగ్గురుండారు. ఒక్కదాన్ని ఇడిసిపెట్టినా అలుగుతారు."